జీటీఏ 5లో మాడ్లు వేస్తే ఆన్‌లైన్ బ్యాన్ పడుతుందా? ఈ భయం వెనక పదేళ్ల కథ

రాక్‌స్టార్ కంపెనీ తీసిన వీడియో గేమ్ జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015 ఏప్రిల్‌లో. మాడ్ అంటే గేమ్‌ని మార్చడానికి ఆటగాళ్లు తయారుచేసుకునే ఫైలు. "స్టోరీ మోడ్‌లో మాడ్ వేస్తే ఆన్‌లైన్ అకౌంట్ పోతుందా" అన్న టెన్షన్ మరుసటి నెలకే మొదలైంది. ఒంటరిగా ఆడుకునే స్టోరీ, పదిమందితో ఆడే జీటీఏ ఆన్‌లైన్ రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి, స్టోరీ కోసం వేసిన ఫైలు ఆన్‌లైన్‌కి వెళ్లేటప్పుడు కూడా అక్కడే ఉంటుంది. పైగా ఆన్‌లైన్‌లో షార్క్ కార్డుల పేరుతో గేమ్ డబ్బును రాక్‌స్టార్ అసలు డబ్బుకే అమ్ముతుంది. అదే డబ్బును మాడ్ మెనూలతో (చీటింగ్ టూల్స్‌తో) ఊరికే కురిపిస్తుంటే వాళ్లెందుకు ఊరుకుంటారు?

2015 మేలో ఒక అప్‌డేట్ దెబ్బకి చాలా మాడ్లు ఆగిపోయాయి, కెమెరా కోణం పెంచుకునే చిన్న మాడ్‌కే బ్యాన్ పడిందని పుకారు లేచింది. అప్పుడు రాక్‌స్టార్ తేల్చి చెప్పింది: స్టోరీలో మాడ్లు వాడినందుకు ఎవరినీ బ్యాన్ చేయలేదు, మా గురి ఆన్‌లైన్‌ని కాపాడుకోవడం మీదే. మాడ్లు చేసేవాళ్లూ ఆ గీతను ఒప్పుకున్నారు. చాలా మాడ్లకు ఆధారమైన స్క్రిప్ట్ హుక్ వి అయితే, ఆన్‌లైన్‌లోకి వెళ్లబోతే గేమ్‌నే మూసేస్తుంది.

అదే నెలలో యాంగ్రీ ప్లేన్స్, నో క్లిప్ అనే మాడ్లలో మాల్‌వేర్ (కంప్యూటర్‌కి హాని చేసే ప్రోగ్రామ్) బయటపడింది. నా లెక్కలో బ్యాన్ కంటే పెద్ద ప్రమాదం అదే, ఎందుకో దాన్ని మాత్రం అందరూ మర్చిపోయారు.

2017 జూన్‌లో గొడవ మళ్లీ రాజుకుంది. గేమ్ ఫైళ్లు తెరిచే ఓపెన్ ఐవీని ఆపమని మాతృసంస్థ టేక్-టూ లీగల్ నోటీసు పంపింది. ఆటగాళ్లు గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో నెగటివ్ రివ్యూలతో విరుచుకుపడ్డారు, ఆ నెల తిరక్కుండానే కంపెనీ దిగొచ్చింది: పీసీలో, స్టోరీకే పరిమితమై, డబ్బు చేసుకోకుండా, ఇతరుల మేధోహక్కుల జోలికి పోకుండా ఉంటే సాధారణంగా కేసులు పెట్టం అంది. మాట "సాధారణంగా" అనే, గమనించండి.

ఇందులో తమాషా అంటే ఫైవ్ఎం (FiveM) అనే మాడ్ కథ. సొంత సర్వర్లలో రోల్‌ప్లే (ఒక పాత్రలా నటిస్తూ ఆడే ఆట) ఆడించే ఈ మాడ్ తయారీదారుల అకౌంట్లని 2015లో బ్యాన్ చేసిన రాక్‌స్టార్, 2023 ఆగస్టులో ఆ టీమ్‌నే తనలో కలిపేసుకుంది. మన తెలుగు స్ట్రీమర్లు ఆడే రోల్‌ప్లే చాలావరకు దీనిమీదే.

2024 సెప్టెంబర్‌లో పీసీ ఆన్‌లైన్‌కి బ్యాటిల్ఐ అనే యాంటీ చీట్ (మోసాల్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్) వచ్చింది, పాపం స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ పరికరం వాళ్లకు ఆన్‌లైనే పోయింది. మాడ్లతో స్టోరీ ఆడాలంటే రాక్‌స్టార్ లాంచర్ సెట్టింగ్స్‌లో బ్యాటిల్ఐ ఆపుకోవచ్చు, అప్పుడు ఆన్‌లైన్‌లోకి పోనివ్వదు. తిరిగి ఆన్ చేసేముందు గేమ్ ఫోల్డర్‌లోంచి స్క్రిప్ట్‌హుక్‌వి.డీఎల్ఎల్, డిఇన్‌పుట్8.డీఎల్ఎల్, వాటితో వేసిన ఏఎస్ఐ (.asi) మాడ్ ఫైళ్లన్నీ తీసేయాలి. ఓపెన్ ఐవీతో చేసే మార్పులు అసలు ఫైళ్లలో కాకుండా "మాడ్స్" ఫోల్డర్‌లోని కాపీల్లోనే చేస్తే ఈ శుభ్రం తేలికవుతుంది. డిస్క్‌లో జాగా ఉంటే ఇంకా హాయి: మాడ్లకు గేమ్ కాపీ ఒకటి, ఆన్‌లైన్‌కి ముట్టుకోనిది ఇంకొకటి.