కారు సస్పెన్షన్ మార్పించే ముందు: అపోహలు - వాస్తవాలు

పోలో జీటీ, ఆక్టేవియా ఆర్‌ఎస్, వర్టస్ 1.5 లాంటి కార్లు ఉన్నవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు ముందుగా అడిగేది "కారు ఎత్తు ఎంత దించొచ్చు?" అని. అంతకన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: దించాక చక్రం పైకి కదలడానికి ఎన్ని మిల్లీమీటర్లు మిగులుతాయి? వర్క్‌షాపుల్లో దీన్నే ట్రావెల్ అంటారు. మడపాం దగ్గర వంశధార వంతెన జాయింట్ల మీదైనా, రాజాం - పాలకొండ గతుకుల్లోనైనా, ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ మలుపుల్లోనైనా టైరు రోడ్డును వదలకుండా ఉండాలంటే ఆ ట్రావెల్ కావాలి.

అపోహ: కారు ఎంత కిందికి ఉంటే మలుపుల్లో అంత పట్టు.

కారు బరువు కేంద్రం కిందికి దిగడం మంచిదే. కానీ ముందువైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకర్ కలిసి ఒకే నిలువు కడ్డీలా ఉండే అమరిక) ఉన్న కార్లలో (పైన చెప్పినవన్నీ ఆ బాపతే) కారు దించితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద కారు ఒంటికి కలిపే చేయి) కోణం మారి, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి మలుపులో బాడీ ఇంకా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. గట్టి స్ప్రింగు ఆ ఒరుగుడును కప్పిపుచ్చుతుందంతే. కారును సమతలం మీద నిలబెట్టి కిందికి తొంగి చూడండి. లోయర్ ఆర్మ్ చివర చక్రం వైపున్న కీలు (బాల్ జాయింట్), లోపలి రబ్బరు కీలు (బుష్) కన్నా పైకి ఉంటే అతిగా దించేసినట్టే.

ట్రావెల్ లెక్క కూడా చూద్దాం. వెనక చక్రం పైకి పోవడానికి కంపెనీ 75 మి.మీ. ఇచ్చిందనుకోండి. 40 మి.మీ. దించితే మిగిలేది 35. ఇంటిల్లిపాదీ అరసవల్లి బయల్దేరారు, వెనక ఇరుసు మీద 150 కిలోలు పెరిగాయి, అంటే చక్రానికి 75 కిలోలు. చక్రం దగ్గర మి.మీ.కు 31 న్యూటన్ల గట్టిదనం (దాదాపు 3.2 కిలోలకు ఒక మి.మీ. దిగడం) ఉంటే కారు ఇంకో 24 మి.మీ. దిగుతుంది. చివరికి మిగిలేది 11 మి.మీ. మొదటి గుంతలోనే బంప్ స్టాప్ (ట్రావెల్ చివర ఢీకొనకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగులుతుంది. అది తగిలిన క్షణం ఆ చక్రం దగ్గర గట్టిదనం ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగి టైరు పట్టు జారుతుంది. ముందువైపు తగిలితే కారు మలుపు తిరగకుండా నేరుగా పోతుంది. వెనకవైపు తగిలితే తోక జారుతుంది. తడిసిన ఘాట్ రోడ్డు మీద ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

మన దారులకు 15 నుంచి 25 మి.మీ. దించితే చాలు. అసలు దించకుండా మంచి షాకర్లు వేసుకున్న కారు, 40 మి.మీ. దించిన కారు కన్నా ఇక్కడ వేగంగానూ నిబ్బరంగానూ పోతుందన్నది మా గట్టి అభిప్రాయం. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్ల దగ్గర వేసేవి అంత వెడల్పు ఉండవు, నిటారుగా ఉంటాయి, బాగా దించిన కారు అడుగు వాటికి తగులుతుంది.

ట్రావెల్ ఎంత వాడుతున్నారో తెలుసుకోవడం తేలిక. షాకర్ డస్ట్ బూట్ పైకి జరిపి, రాడ్‌కు సన్నటి ప్లాస్టిక్ ట్యాగ్ బిగించి, షాకర్ ఒంటికి ఆనేదాకా కిందికి నెట్టండి. రోజూ తిరిగే దారిలో రోజూ ఎక్కే మనుషులతో ఒకసారి తిరిగి రండి. ట్యాగ్ ఎక్కడ ఆగిందో అదే మీరు వాడిన ట్రావెల్. ప్రతిసారీ బంప్ స్టాప్‌లోకి దూరిపోతోందంటే స్ప్రింగు మెత్తనైనా అయ్యుండాలి, కారు మరీ కిందికైనా ఉండాలి.

అపోహ: స్ప్రింగు ఒక చుట్టు కోయిస్తే లోయరింగ్ స్ప్రింగే.

పనిచేసే చుట్లు ఆరు ఉన్నచోట ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, షాకర్ మాత్రం పాతదే. కోసిన కొస సీటులో సరిగా కూర్చోదు, చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు పక్కకు జరగొచ్చు. గ్యాస్ మంటతో కాల్చి దించడం ఇంకా ఘోరం. ఉక్కు పదును పోయి స్ప్రింగు కుంగుతూనే ఉంటుంది.

చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టి ఎత్తు పెంచేవాళ్లూ ఉన్నారు. బఫర్ ఉన్న చుట్టు పనిచేయదు, పక్క చుట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. గట్టిపడ్డ స్ప్రింగు వెనక్కి తన్నే వేగాన్ని పాత షాకర్ ఆపలేదు. వీటిని తీసేయండి.

అపోహ: స్ప్రింగులు మారిస్తే చాలు, షాకర్లు కారట్లేదుగా.

ఆయిల్ కారకపోయినా షాకర్ నీరసపడుతుంది. వంతెన జాయింట్ దాటాక కారు ఒకసారికి మించి ఊగుతుంటే, టైరు అంచున చేతికి ఎగుడుదిగుళ్లు తగులుతుంటే షాకర్ పని అయిపోయింది. కాబట్టి డబ్బు ముందు టైర్లకు, తర్వాత బుష్‌లు, బాల్ జాయింట్లకు, ఆ తర్వాత షాకర్లకు పెట్టండి. స్ప్రింగులు వాటి తర్వాతే.

కొనేటప్పుడు పొడవు చూడాలి. బిల్‌స్టీన్ బ్రాండ్ షాకర్లలో బీ4, కారుతో వచ్చిన కంపెనీ షాకర్‌కు బదులు వేసేది. బీ6 కంపెనీ స్ప్రింగుల మీదే గట్టి పట్టు ఇస్తుంది. బీ8 పొట్టిది, దించిన స్ప్రింగుల కోసం చేసింది. ఐబాక్ ప్రో-కిట్ లాంటి స్ప్రింగులకు బీ8 సరిపోతుంది. ఎత్తు మార్చని కారుకు ఇక్కడ మేం చెప్పేది బీ6 లేదా కోని స్పెషల్ యాక్టివ్.

అపోహ: గట్టిగా కొడుతుంటేనే స్పోర్ట్.

ముందు చక్రం మీద 320 కిలోల బాడీ బరువు, మి.మీ.కు 25 న్యూటన్ల గట్టిదనం ఉంటే బాడీ సెకనుకు 1.4 సార్లు ఊగుతుంది. గట్టిదనం 50 చేస్తే 2 సార్లు. మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. 2 దాటితే అది నున్నటి ట్రాక్‌కు పనికొచ్చే సెటప్. గతుకుల్లో టైరు ఎగురుతుంటే ఎగిరినంతసేపు బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు.

అపోహ: కాయిలోవర్ (ఎత్తు మార్చుకునే స్ప్రింగు - షాకర్ సెట్) మీద స్ప్రింగును ఆపే మర రింగు, అంటే కాలర్, బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది.

మామూలు లీనియర్ (ఎంత నొక్కినా గట్టిదనం ఒకటే ఉండే) స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందం, చుట్ల వెడల్పు, చుట్ల సంఖ్యల్లో ఉంటుంది. కాలర్ 10 మి.మీ. తిప్పితే కారు దాదాపు అంతే లేస్తుంది, గట్టిదనం మారదు. ఎత్తును కింది బ్రాకెట్‌తో మార్చుకునే రకమే కొనండి, అప్పుడు ట్రావెల్ చెడదు. షాకర్ గట్టిదనం మార్చే నాబ్‌కు ఎన్ని క్లిక్కులు ఉన్నాయో చూసి మోసపోవద్దు. మధ్యలో మొదలుపెట్టి, ఎడమా కుడీ సమానంగా, రెండేసి క్లిక్కుల చొప్పున మార్చి చూడండి.

కళింగపట్నం, భావనపాడు లాంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి కాయిలోవర్ మరలు పట్టేస్తాయి. గ్రీజు పూస్తే ఇసుక అతుక్కుని మర అరిగిపోతుంది. మంచినీళ్లతో కడిగి, ఆరాక మైనం రకం తుప్పు నిరోధక స్ప్రే కొట్టి, తొడుగు వేయండి. ఏటా ఒకసారైనా కాలర్ కదిపి చూడండి.

యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపి బాడీ ఒరుగుడును తగ్గించే కడ్డీ) విషయం: మందంలో చిన్న తేడాకే గట్టిదనం చాలా మారుతుంది. 20 మి.మీ. బదులు 22 వేస్తే 46 శాతం పెరుగుతుంది. ముందు చక్రాలు లాగే కారుకు వెనక బార్ వేస్తే మలుపులో ముక్కు చురుగ్గా తిరుగుతుంది. కానీ వాన నీటిలో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక జారుతుంది. కొత్తగా నడిపేవాళ్లకు వద్దు. ఇక స్ట్రట్ బ్రేస్ (ముందు స్ట్రట్‌ల పైభాగాలను కలిపే కడ్డీ) కోసం ఈ కార్లలో డబ్బు పోయనక్కర్లేదు.

అపోహ: పార్టులు మంచివైతే బిగింపు ఎవరు చేసినా ఒకటే.

మంచి పార్టులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. షాకర్ రాడ్ పైనున్న నట్టును ఎయిర్ గన్‌తో తిప్పితే రాడ్ గిర్రున తిరిగి సీల్ దెబ్బతింటుంది. రాడ్‌ను అలెన్ కీతో పట్టుకుని చేత్తో బిగించాలి. పట్టకారుతో రాడ్‌ను పట్టుకుంటే పడిన గీతే సీల్‌ను కోసి ఆయిల్ కార్పిస్తుంది. టాప్ మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపులు, డస్ట్ బూట్లు కొత్తవే వేయించండి.

అన్నిటికన్నా ముఖ్యం: లోయర్ ఆర్మ్, వెనక బీమ్ బుష్ బోల్టులను చక్రాలు వేలాడుతుండగా చివరి బిగింపు చేయకూడదు. అలా చేస్తే జాకీ మీంచి కారు దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి కొద్ది నెలల్లో చిరుగుతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి. బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు బ్రాకెట్లు తిరిగి వేశారో లేదో చక్రం పూర్తిగా తిప్పి చూడండి.

అలైన్‌మెంట్ అదే రోజు చేయించాలి, 500 కి.మీ. తిరిగాక మళ్లీ చేయించాలి. ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మైనస్ 1 నుంచి 1.5 డిగ్రీలు, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) దాదాపు సున్నా. టైరును త్వరగా తినేది క్యాంబర్ కన్నా తప్పు టో. ఎత్తు మారింది కాబట్టి హెడ్‌లైట్ల కోణమూ సరిచేయించండి.

కంపెనీ పార్టుకు సమానమైన షాకర్ వేయడం మరమ్మతు. కారు స్వరూపం మార్చడం వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పులకు హద్దులు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బిగించక ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాసి ఇవ్వండి. తీసిన పాత స్ప్రింగులు, షాకర్లు పారేయకుండా దాచుకోండి.