కళ్లారా చూసినదెంత? ఇంద్రియాల గురించి అపోహలు - వాస్తవాలు

కంటికి తగిలిన వెలుగు, చెవిన పడిన శబ్దం నాడీ సంకేతాలుగా మారడం సంవేదన. ఆ సంకేతాలను బట్టి ‘ఇది ఫలానాది’ అని మెదడు తేల్చుకోవడం ప్రత్యక్షం. ఈ రెంటినీ ఒకటిగా కలిపేయడం వల్లే కింది అపోహల్లో చాలామటుకు పుట్టాయి.

అపోహ: ఎదురుగా ఉన్నదంతా కన్ను కెమెరాలా స్పష్టంగా పట్టేస్తుంది.

వాస్తవం: చేయి చాపి బొటనవేలి గోరు చూడండి. ఒక్క చూపులో పూర్తి స్పష్టతతో కనిపించే మేర దాదాపు అంతే, సుమారు 2 డిగ్రీల కోణం. చుట్టూ మిగిలినదంతా మసకే. చూపు సెకనుకు ఇంచుమించు మూడుసార్లు చోటు మారుతుంటుంది కాబట్టి ఆ మసక మన ఎరుకలోకి రాదు. పైగా దృష్టినాడి రెటీనాను (కంటి వెనక వెలుగును పట్టే పొరను) దాటి బయటికెళ్లే చోట వెలుగును పట్టే కణాలే లేవు. దాన్నే అంధ బిందువు అంటాం.

దాన్ని మీరే పట్టుకోవచ్చు. తెల్ల కాగితం మీద చిన్న ప్లస్ గుర్తు వేసి, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో, అదే వరుసలో, సెంటీమీటరు వెడల్పున నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్‌నే చూస్తూ కాగితాన్ని 40 సెంటీమీటర్ల నుంచి మెల్లగా దగ్గరికి తెండి. సుమారు 30 దగ్గర చుక్క మాయమవుతుంది. కుదరలేదంటే తరచూ కారణం ఒకటే: తెలియకుండానే చూపు చుక్క మీదికి జారింది. లేదా కాగితం పక్కకు ఒరిగింది. అసలు విశేషం చుక్క పోయాక ఉంది. అక్కడ చిల్లు కనిపించదు, తెల్ల కాగితమే కనిపిస్తుంది. చుక్క మీదుగా ఒక గీత గీసి చూస్తే, చుక్క పోయినా గీత తెగకుండా సాగినట్టే ఉంటుంది. ఆ ఖాళీని పూడ్చింది మెదడే.

అపోహ: నాలుక కొసన తీపి, వెనక చేదు, పక్కల పులుపు.

వాస్తవం: రుచి మొగ్గలున్న ప్రతి భాగమూ అన్ని రుచులనూ పడుతుంది. 1901లో జర్మన్ శాస్త్రవేత్త హేనిగ్ చూపింది స్వల్పమైన తేడాలనే. తర్వాత గీసిన పటాల్లో అవి సరిహద్దులైపోయాయి. ఆ పటాన్ని పిల్లలకు నేర్పడం మానేయాలి.

అపోహ: ఇంద్రియాలు ఐదే.

వాస్తవం: లోపలి చెవి శరీర సమతూకాన్ని చెబుతుంది. కండరాలు, కీళ్లు అవయవాలు ఎక్కడున్నాయో చెబుతాయి. కళ్లు మూసుకుని ముక్కు కొస తాకగలిగేది అందుకే.

అపోహ: నీళ్లెంత వేడో చెయ్యి సరిగ్గా చెప్పేస్తుంది.

వాస్తవం: మూడు గిన్నెల్లో 20, 30, 40 డిగ్రీల నీళ్లు పోయండి. 40 దాటనివ్వకండి. ఒక చెయ్యి చల్లటి నీళ్లలో, రెండోది వేడి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, రెంటినీ ఒకేసారి మధ్య గిన్నెలో పెట్టండి. అవే నీళ్లు ఒక చేతికి వెచ్చగా, మరో చేతికి చల్లగా తగులుతాయి. చర్మంలోని గ్రాహకాలు ఉన్న వేడికి అలవాటు పడిపోయి, ముఖ్యంగా మార్పునే చెబుతాయి. వేడి నీళ్లకు అలవాటైన చేత్తో పసిబిడ్డ స్నానం నీళ్లు చూడటం ఇందుకే ప్రమాదం.

అపోహ: కళ్లు తెరిచి ఉంటే ఎదురుగా ఉన్నది కనిపించి తీరుతుంది.

వాస్తవం: 1999లో మనస్తత్వ శాస్త్రవేత్తలు సైమన్స్, చాబ్రిస్ ప్రచురించిన ప్రయోగంలో, బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెడుతున్నవాళ్లలో సుమారు సగం మంది, ఆటగాళ్ల మధ్యకు వచ్చిన గొరిల్లా వేషధారిని గమనించనే లేదు. వాళ్ల అవధానం, అంటే ధ్యాస, లెక్క మీద ఉంది. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతూ బండి నడిపేవాళ్లకూ ఇదే ముప్పు: చేతులు స్టీరింగ్ మీదే ఉన్నా అవధానం మాటల్లో ఉంటుంది. ప్రమాదం తర్వాత ‘నాకు కనిపించలేదు’ అన్న మనిషి నిజమే చెబుతుండవచ్చు.