నాలుగు పొరలు, ఒక గూనపెంకు

ఎంటెక్‌లో కాంపోజిట్ స్ట్రక్చర్స్ (పోగులూ రెజిన్ లాంటివి కలిపి చేసిన పదార్థాలతో కట్టే భాగాలు) సబ్జెక్టు తీసుకున్న మొదటి నెలంతా బోర్డు మీద మ్యాట్రిక్సులే. ల్యాబ్‌లో మా చేత్తో మేం చేసిన మొదటి ప్లేటు వంకర పోయాక గానీ వాటిలో ఏముందో నాకు బుర్రకెక్కలేదు.

పని చిన్నదే. కార్బన్ ప్రీప్రెగ్, అంటే సన్నటి కార్బన్ పోగులన్నీ ఒకే దిక్కుగా పరిచి ఎపాక్సీ రెజిన్ పట్టించిన నల్లటి షీటు, ఫ్రీజర్‌లోంచి తీసి 30 సెంటీమీటర్ల చదరాలు నాలుగు కోసి ఒకదాని మీద ఒకటి అంటించాలి. వరస 0, 90, 90, 0. అంటే పైదీ కిందిదీ నిలువు పోగులు, మధ్య రెండూ అడ్డం. నా పార్ట్‌నర్ నిలువువి రెండూ ఒకచోట అంటించేశాడు, నేను అడ్డంవి రెండూ. అవి బంకగా ఉంటాయి, విడదీస్తే పోగులు చెదిరిపోతాయి. నిలువు రెండు, అడ్డం రెండు, లెక్క సరిపోయింది కదా, వరస మారితే ఏమవుతుందిలే అనుకుని 0, 0, 90, 90 గా అలాగే పెట్టేసి, గాలి లాగేసి పొరల్ని నొక్కిపట్టే వ్యాక్యూమ్ బ్యాగ్ వేసి 120 డిగ్రీల ఓవెన్‌లోకి తోశాం.

చల్లారాక విప్పితే అరమిల్లీమీటరు మందం ప్లేటు గూనపెంకులా వంగి ఉంది. చదును చేద్దామని మధ్యలో నొక్కితే టక్కుమని తిరగబడి మళ్లీ గూనపెంకే అయింది, కాకపోతే ఈసారి వంపు అడ్డదిక్కున, రెండో ముఖం వైపు!

వెదురు బద్దను నిలువునా చీల్చడం ఎంత తేలికో అడ్డంగా విరవడం అంత కష్టం. ఈ షీటుదీ అదే గుణం. పోగుల వెంట లాగితే బిగువు, అంటే సాగకుండా ఎదురునిలిచే గుణం, సుమారు 140 గిగాపాస్కళ్లు, అడ్డంగా లాగితే 10 చుట్టుపక్కలే. చల్లారేటప్పుడు పోగుల వెంట దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం డిగ్రీకి లక్షలో సుమారు 3 వంతులు ముడుచుకుంటుంది. మా షీటు విడిగా ఉంటే సుమారు 0.8 మిల్లీమీటర్లు తగ్గేది. పై రెండు పొరలు ముడుచుకుంటామనే దిక్కులోనే కింది రెండూ కదలమంటాయి, అంటుకుని ఉన్నాయి కాబట్టి వంగడం తప్ప దారి లేదు. 0, 90, 90, 0 అయితే పైన ఎంత లాగుడో కిందా అంతే, వంపు పుట్టదు. ప్లైవుడ్ పొరలు 3, 5, 7 అని బేసి సంఖ్యలో ఎందుకుంటాయో, తలుపుకి ఒకవైపే సన్‌మైకా అంటిస్తే వడ్రంగి ఎందుకు ఒప్పుకోడో నాకు అప్పుడు తెలిసింది.

బోర్డు మీద రాసిన ఎ, బి, డి మ్యాట్రిక్సుల్లో ఎ సాగడానికి, డి వంగడానికి, ఆ రెంటినీ ముడిపెట్టేది బి. ఎ కి ఏ పొర ఎక్కడుందో పట్టదు, కాబట్టి మా లెక్క అక్కడి వరకు నిజంగానే సరిపోయింది. బి మాత్రం ప్రతి పొరా మధ్యతలానికి ఏ వైపు, ఎంత దూరంలో ఉందో చూస్తుంది, మా వరసలో అది సున్నా కాలేదు.

రూముకెళ్లి లెక్క వేస్తే ఇంకో చిక్కు. క్లాసులో చెప్పిన థియరీ ప్రకారం గుర్రపు జీను ఆకారం, అంటే ఒక దిక్కున పైకీ రెండో దిక్కున కిందికీ వంపు, రావాలి, చేతిలో ఉన్నదేమో పెంకు. రెండు రోజులు టెన్షన్ పడి సార్‌ని అడిగితే మైకేల్ హైయర్ అనే పరిశోధకుడు 1981లో రాసిన పేపర్ చదవమన్నారు. హైయర్ ఇలాంటి పలచటి ప్లేట్లనే చేసి చూశాడు. కాగితాన్ని గొట్టంలా చుట్టొచ్చు గానీ జీనులా వంచాలంటే అది సాగాలి, లేదా చిరగాలి. పలచటి ప్లేటుకి వంగడం తేలిక, సాగడం కష్టం, అందుకని రెండు వంపుల్లో ఒకదాన్ని వదిలేస్తుంది. దేన్ని వదిలినా ఒకటే కాబట్టి టక్కుమని అటూ ఇటూ మారగలదు. క్లాసు థియరీ వంపు చాలా చిన్నదనుకుని రాసింది, అది దీన్ని పట్టుకోలేదు. ఆ సెమిస్టర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన రోజు అదే. ఈ టక్కునే వాడుకుని ఆకారం మార్చుకునే రెక్కలు చేయొచ్చా అని పరిశోధనలు కూడా జరుగుతున్నాయి.

మన తేజస్ యుద్ధవిమానం ఎయిర్‌ఫ్రేమ్ (ఇంజను కాకుండా విమానపు ఒళ్లు) బరువులో 45 శాతం కాంపోజిట్లే. విమాన భాగాలు చేసేచోట చాలావరకు ఏ పొర ఎక్కడ, ఏ దిక్కున పెట్టాలో లేజర్ గీతతో చూపిస్తారు. మాకు లేజర్ లేదు, మరుసటి వారం ప్రతి చదరం వెనక కాగితం మీద మార్కర్‌తో బాణం గీసుకున్నాం, రెండో ప్లేటు బల్ల మీద చదునుగా కూర్చుంది.

మొదటిది నా దగ్గరే ఉంది. వానాకాలంలో దాని వంపు కాస్త తగ్గుతుంది. రెజిన్ గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, పోగులు ఉబ్బవు.