ఉక్కు తీగ మీద మిగిలిన గొంతులు

జర్మనీ ఊళ్లలో ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే అక్కడక్కడా కాళ్ల దగ్గర ఇత్తడి పలక మెరుస్తుంది. పొడవు 10 సెంటీమీటర్లు, వెడల్పూ అంతే. ‘ఇక్కడ నివసించారు’ అన్న మాట, కింద పేరు, పుట్టిన సంవత్సరం, నాజీలు ఎక్కడికి పట్టుకుపోయారో, చివరికి ఏమయ్యారో. ఇంకో ముక్క రాయడానికి చోటుండదు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో కొలోన్‌లో మొదలుపెట్టిన ఈ పని 2023 నాటికి లక్ష పలకలకు చేరింది. యూదులు, రోమా తెగవాళ్లు, వికలాంగులు, స్వలింగ సంపర్కులు, నాజీలను ఎదిరించినవాళ్లు, ఇలా ఎందరివో పేర్లు.

పలకలో పట్టని కథను ఇప్పుడు ఆడియో చెబుతోంది. కొలోన్‌లోని పబ్లిక్ రేడియో సంస్థ డబ్ల్యూడీఆర్ 2022 జనవరిలో ఇందుకోసం ఒక యాప్ తెచ్చింది. పలక దగ్గర నిలబడి ఫోన్‌లో ఆ మనిషి గురించి వినొచ్చు.

ఇదంతా స్మార్ట్‌ఫోన్ల వల్ల వచ్చిన ఆలోచన అనిపిస్తుంది. కానీ ఆనాటి బాధితుల గొంతులు ఎప్పుడో రికార్డయ్యాయి. వినడానికే లోకం ఆలస్యం చేసింది.

1946 జూలై చివర్లో డేవిడ్ బోడర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ షికాగో నుంచి పారిస్ వచ్చారు. లాత్వియాలో పుట్టిన యూదు, అరవైకి దగ్గరపడిన మనిషి. వెంట బరువైన వైర్ రికార్డర్, 200 తీగ చుట్టలు. మాటలు వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగ మీద రికార్డయ్యేవి. రెండు నెలలకు పైగా ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, జర్మనీల్లోని శరణార్థి శిబిరాలు తిరిగి, ఎక్కువగా నాజీల బారి నుంచి బతికి బయటపడ్డవాళ్లను, సుమారు 130 మందిని, తొమ్మిది భాషల్లో మాట్లాడించారు. తన ముఖం చూస్తే వాళ్ల మాట తీరు మారుతుందేమోనని వెనక కూర్చునేవారు. మొత్తం 90 గంటలు.

ఆయన ఓపిక తలచుకుంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. తిరిగొచ్చాక ఒక మెషీన్‌లో ఆ గొంతు వింటూ, ఇంగ్లిష్‌లోకి మార్చి ఇంకో మెషీన్‌లోకి చెబుతూ ఏళ్ల తరబడి కూర్చున్నారు. 1949లో ఎనిమిది ఇంటర్వ్యూలతో వేసిన పుస్తకానికి ‘చనిపోయినవారిని నేను ఇంటర్వ్యూ చేయలేదు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1957 నాటికి సుమారు 70 ఇంటర్వ్యూలు, మూడు వేలకు పైగా పేజీలు సిద్ధమయ్యాయి. పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1961లో ఆయన కన్నుమూశారు.

అదే ఏడాది జెరూసలేంలో, యూదులను చావు శిబిరాలకు తరలించే ఏర్పాట్లు చూసిన నాజీ అధికారి ఐక్‌మన్ విచారణ జరిగింది. వందమందికి పైగా సాక్షులు మాట్లాడారు, ఇజ్రాయెల్ జనం రేడియోలకు అతుక్కుపోయి విన్నారు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ అనే నాజీ శిబిరం గార్డులు, అధికారుల మీద విచారణ మొదలైంది. అక్కడ సాక్షుల మాటలను టేప్ చేసింది జడ్జీలు మర్చిపోకుండా ఉండటానికే. పని అయ్యాక చెరిపేయాల్సిన టేపులు అవి. చెరిపేయకుండా ఉంచమని శిబిరం నుంచి బతికొచ్చినవాళ్లు పట్టుబట్టారు. అలా 300 మందికి పైగా సాక్షుల గొంతులు, సుమారు 430 గంటలు, మనకు మిగిలాయి. 2017లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

బోడర్ రికార్డింగులు ఈ శతాబ్దం మొదట్లో ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. అప్పటికీ ఒక చుట్ట దొరకలేదు. ఫ్రాన్స్‌లోని ఎనోవీల్ శరణార్థి శిబిరంలో పాటలు రికార్డు చేసిన చుట్ట అది. చివరికి అమెరికాలోని ఆక్రన్ యూనివర్సిటీ సైకాలజీ ఆర్కైవ్‌లో బయటపడింది. డబ్బా మీద ఊరి పేరు తప్పుగా రాసి ఉండటంతో ఎవరూ గుర్తించలేదు. వినిపించే మెషీనే లేకపోతే, పాత రికార్డర్‌ను బాగుచేసి మరీ 2017లో వినిపించారు. ఒకప్పుడు నాజీ శిబిరంలో పనికి వెళ్లేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు గార్డులు ఖైదీల చేత బలవంతంగా పాడించిన పాట ఒకటి అందులో ఉంది. 1946లో ఆ పాటను వాళ్లు ఎవరి బలవంతమూ లేకుండా, మైకు ముందు పాడారు.