శివారు చేను

చిట్టీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో మీరడిగింది ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. స్కూల్ ప్రాజెక్టుకి వెతుకుతుంటే ఒక ఫోటో కనపడిందన్నారు కదా, పొడుగాటి తెల్ల పోలీసుల ముందు చీర కట్టుకున్న ఒక పొట్టి ఆవిడ, "తాతయ్యా, ఆవిడకి భయం వెయ్యలేదా" అని.

ఆవిడ పేరు జయాబెన్ దేశాయ్, అయిదడుగులు కూడా ఉండదు. లండన్లో గ్రన్‌విక్ అని ఫోటోలు కడిగే ఫ్యాక్టరీ ఉండేది, జనం రీళ్ళు పోస్టులో పంపితే కడిగి పోస్టులోనే తిరిగి పంపేవాళ్ళు. అందులో ఎక్కువమంది మన వైపు మూలాలున్న వలస ఆడవాళ్ళే. తక్కువ జీతం, బాత్రూంకి వెళ్ళాలన్నా అడగాలి, ఇంటికెళ్ళే టైముకి ఓవర్‌టైం అనేవాళ్ళు. 1976 ఆగస్టులో ఒకరోజు ఆవిడ మేనేజరుతో, ఇది ఫ్యాక్టరీ కాదు జూ, జూలో చెప్పినట్టు ఆడే కోతులే కాదు తల కొరికే సింహాలు కూడా ఉంటాయి, మేం ఆ సింహాలం అని చెప్పి కొడుకుని వెంటబెట్టుకుని బయటికొచ్చేసింది, సమ్మెలోకి దిగింది.

ఎందుకంత కోపమో తెలియాలంటే మా కాలవ సంగతి చెప్పాలి. మాది శివారు చేను. కాలవ పైనించి వస్తుంటే మొదటి తూము వాళ్ళు నిండా పెట్టుకునేవాళ్ళు, రెండో తూము వాళ్ళు మిగిలింది, మా దాకా వచ్చేసరికి బోదెలో బురదే. మా అమ్మ రాత్రి లాంతరు పట్టుకుని పై తూము దాకా నడిచేది, నేను కొంగు పట్టుకుని వెనకాల, కప్పల అరుపులకి భయపడుతూ. పైవాళ్ళేమో కాలవ నిండుగానే ఉందిగా, నీకేంటమ్మా బాధ అనేవాళ్ళు. వాళ్ళ గట్టు మీదనించి చూస్తే నిండుగానే కనపడేది మరి!

జయాబెన్‌ది కూడా శివారు చేనే. బ్రిటిష్ వాళ్ళు మన దేశాన్ని ఏలిన రోజుల్లో గుజరాత్‌లో పుట్టింది, పెళ్ళయ్యాక ఆఫ్రికాలో వాళ్ళే ఏలిన టాంగన్యీకా (ఇప్పటి టాంజానియా) వెళ్ళింది, అక్కణ్ణించి వాళ్ళ దేశానికే వచ్చింది. దేశాలని ఏలినవాళ్ళది మొదటి తూము, ఒంటి రంగుది రెండోది, ఆడమనిషి కావడం మూడోది, మూడూ దాటాక ఆవిడకొచ్చేది ఎంత? ఆడవాళ్ళందరి కష్టం ఒకటే అంటారు గానీ నాకు ఆ మాట పైతూము మాటలాగే వినపడుద్ది.

కానీ అమ్మ వెనక మిగతా శివారు ఆడవాళ్ళు కూడా వచ్చి తూము మీద కూర్చున్నట్టు, జయాబెన్ దగ్గరికీ జనం వచ్చారు. పక్క పోస్టాఫీసు వాళ్ళు ఆ ఫ్యాక్టరీ ఉత్తరాలు ముట్టుకోం అన్నారు. బొగ్గు గనుల్నించి తెల్ల కార్మికులు బస్సులేసుకుని వచ్చారు, 1977 జులైలో ఒక్కరోజే వేలమంది. అంతకుముందు ఇలాంటి వలస కార్మికుల సమ్మెలని యూనియన్లు చాలాసార్లు పట్టించుకోలేదు, అందుకే నాకది పెద్ద విషయం.

గెలవలేదురా. చివర్లో యూనియన్ పెద్దలు చెయ్యి వదిలేశారు, ఆవిడ వాళ్ళ ఆఫీసు ముందే నిరాహారదీక్షకి కూర్చుంది, 1978 జులైలో సమ్మె ఆగిపోయింది, ఉద్యోగాలు తిరిగి రాలేదు. భయం వేసిందో లేదో నాకెట్లా తెలుస్తుంది, మా అమ్మకైతే వేసేదే, లాంతరు వణికేది, నడక మాత్రం ఆగేది కాదు.

ఆ ఫోటో మళ్ళీ తీసి ఆవిడ చేతులు చూడండి. ఈసారి కాలవలకి నీళ్ళొదిలే టైముకి ఊరు రండి, శివారు చేలో కూర్చోబెడతా. నీళ్ళు రాకముందే బోదెలో ఎండాకులు కదులుతాయి, ఆ చప్పుడు మీరు వినాలి.

మీ తాతయ్య