ఎక్కేటప్పుడు పోయిన టైమ్ ఎక్కడికి పోయింది?

కడప,
ఆదివారం పొద్దున.

చిట్టీ, చిన్నోడా, ఇంకా ఈ ఉత్తరం చదివే మీ ఈడు పిల్లలందరికీ,

తాత దీవెనలు. మీ అమ్మ పంపిన ఫోటోలు చూశాం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండ, మధ్యలో హెల్మెట్లు పెట్టుకుని మీరిద్దరూ. మీ జేజి, అదే మీ నానమ్మ, ఫోటోను పెద్దది చేసి చేసి చూసి, చివరికి "పిల్ల నల్లబడిపోయింది" అని ఒక్క మాట అంది. విశాఖ నుంచి భీమిలి దాకా సైకిల్ తొక్కి మళ్లీ వెనక్కి రావడం అంటే పోనూ రానూ 50 కిలోమీటర్ల పైమాటే, అందులో మధ్యలో తొట్లకొండ కూడా ఎక్కారంటే నాకు కొంచెం కుళ్లుగానే ఉంది. మాకు సముద్రం చూడాలంటే రైలెక్కాలి.

ఇక చిట్టి అడిగిన మాట. "తాతా, తొట్లకొండ ఎక్కేటప్పుడు అందరికంటే వెనకబడ్డా. దిగేటప్పుడు స్పీడుగా దిగి ఆ టైమ్ సంపాదించుకుందాం అనుకున్నా. ఎంత స్పీడుగా దిగినా సరిపోలేదు. ఎక్కినంత దూరమే కదా దిగింది, మరి పోయిన టైమ్ ఎక్కడికి పోయింది?" మీ నాన్నను అడిగితే ఫోన్లో వెతుక్కోమన్నాడంట. వాడు చిన్నప్పుడు ఇలాంటి ప్రశ్నలు అడిగితే నేను ఫోన్లో వెతుక్కోమన్నానా? (అప్పుడు ఫోన్ లేదనుకోండి.)

ముందు లెక్క చూడు, పెన్ను తియ్యి. సమంగా ఉండే రోడ్డు మీద నువ్వు గంటకు 20 కిలోమీటర్లు పోతావనుకుందాం. 5 కిలోమీటర్లు పోయి 5 కిలోమీటర్లు రావడానికి అరగంట. ఇప్పుడు అదే 5 కిలోమీటర్లు కొండ రోడ్డు అనుకో. ఎక్కేటప్పుడు నీ వేగం సగానికి పడిపోయింది, గంటకు 10. మరి ఎక్కడానికే ఎంతసేపు పట్టింది? అరగంట. అయిపోయిందా! పోనూ రానూ ఉన్న టైమంతా ఎక్కడానికే అయిపోయింది. సమానం కావాలంటే కన్ను మూసి తెరిచేలోగా, ఆ తెరవడానికి కూడా టైమ్ లేకుండా కింద ఉండాలి. వీపుకు రాకెట్ కట్టుకున్నా కుదరదు. గంటకు 40 వేగంతో దిగావే అనుకో, ఏడున్నర నిమిషాలు పడుతుంది. 10కీ 40కీ సగటు 25 కదా అనిపిస్తుంది కానీ మొత్తం దూరాన్ని మొత్తం టైమ్‌తో భాగించు, 16 వస్తుంది. నిదానంగా పోయే చోట మనం ఎక్కువసేపు ఉంటాం, జోరుగా పోయే చోట ఉండేదే కాసేపు. నేను ఈ లెక్క రెండు సార్లు చేశా, మొదటిసారి నమ్మలేదు.

లెక్క ఒప్పుకుంటావు కానీ మనసు ఒప్పుకోదు. ఎక్కేటప్పుడు అంత కష్టపడ్డానే, కొండ నాకు బాకీ పడింది కదా, ఆ బాకీ ఎవరు తిన్నారు అని ఉంటుంది. దానికి నాకు తెలిసిన లోకం నుంచి చెప్తా.

మా నాయన శనక్కాయల బస్తాలు బండికెత్తి మండీకి తోలుకుపోయేవాడు. నన్ను బస్తాల మీద కూర్చోబెట్టేవాడు. ఇంటి దగ్గర తూచినప్పుడు ఉన్న తూకం మండీలో ఎప్పుడూ ఉండేది కాదు. మట్టి ఉందని కొంత, తేమ ఉందని కొంత, తాలుకాయలు ఉన్నాయని కొంత, గోనెసంచి బరువని కొంత తీసేసేవాళ్లు. దాన్ని తరుగు అంటారు. ఆ మీద హమాలీ కూలి, దళారీ కమీషన్. మా నాయన వచ్చేటప్పుడు దారి పొడుగునా మాట్లాడేవాడు కాదు. ఏ మండీ అని అడగొద్దు, పేరెందుకులే.

సైకిల్ లెక్క కూడా ఇదే. తొట్లకొండ సముద్రం మీద 128 మీటర్ల ఎత్తు. నువ్వూ నీ సైకిలూ కలిపి 55 కిలోలు అనుకుంటే, అంత బరువును అంత ఎత్తుకు చేర్చినందుకు కొండ నీ పేరున జమ చేసుకున్నది సుమారు 16 కేలరీలు. చిన్న చెంచాడు చక్కెరలో ఉండేంత. నవ్వొస్తుంది కదా, అంత రొప్పింది చెంచాడు చక్కెర కోసమా అని! కానీ ఆ ఒక్క చెంచా పైకి చేర్చడానికి నీ ఒళ్లు నాలుగైదు చెంచాలు ఖర్చు పెట్టింది. మన కండలు తిన్నదాంట్లో పావు వంతో ఇంకా తక్కువో పనికి ఇస్తాయి, మిగతాదంతా వేడి. నీకు పట్టిన చెమట అదే. అంటే సరుకు కాటా దాకా చేరకముందే ఇంట్లోనే మూడొంతుల తరుగు.

కొండ మాత్రం నిజాయితీ గలది. తీసుకున్నదాన్ని పైసా దాచుకోకుండా తిరిగిచ్చేస్తుంది. మధ్యలో ఉన్నాడు చూడు గాలి, వాడు దళారీ. నువ్వు 10తో ఎక్కుతుంటే నీ వైపు చూడను కూడా చూడడు. 40తో దిగుతుంటే పట్టుకుంటాడు. వేగం రెట్టింపు అయితే గాలి అడ్డు నాలుగింతలు, వేగం నాలుగింతలైతే అడ్డు పదహారింతలు. అలా పెరిగి పెరిగి ఒక వేగం దగ్గరికి వచ్చేసరికి కొండ ఇచ్చేదంతా గాలి, టైర్లు కలిసి లాగేసుకుంటాయి, ఇక అక్కడి నుంచి నువ్వు ఊరికే కూర్చుంటే వేగం పెరగదు. టైర్లది హమాలీ కూలి అనుకో, తక్కువే. మలుపులో బ్రేకు పట్టావా, అది ఇంకో కోత. పోలిక ఇక్కడ కుంటుతుందేమో అనుకున్నా, ఎందుకంటే గాలి తొందరపడేవాడి దగ్గరే ఎక్కువ తీస్తుంది. కానీ మండీలో కూడా అంతే. ఈ రోజే అమ్ముకుని పోవాలనే తొందర మొహంలో కనపడితే చాలు, తరుగు పెరిగేది. పోలిక కుంటడం లేదు, పరుగెత్తుతోంది.

మా కాలంలో ఇవేవీ తెలియదు. నాకు పదమూడేళ్లప్పుడు మా పెదనాన్న కొడుకూ నేనూ దుకాణంలో రోజు అద్దెకు సైకిళ్లు తీసుకుని గువ్వలచెరువు పోయాం. కడప నుంచి రాయచోటి పోయే దారిలో ఘాట్ ఎక్కితే వస్తుంది, పాలకోవకు పేరు. నాకు సీటు అందదు, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి ఒంటి పక్కన వేలాడుతూ తొక్కడమే. గేర్లు లేవు. ఘాట్ ఎక్కాం అనకూడదు, సైకిళ్లను తోశాం అనాలి. పైన ఆకులో పెట్టిచ్చిన పాలకోవ తిని, నీళ్లు తాగి, దిగుడు మొదలుపెట్టాం. అబ్బ, ఆ దిగుడు! రెండో మలుపులో రబ్బరు మాడిన వాసన వచ్చింది. నాలుగో మలుపు దాటాక బ్రేకు పట్టినా పట్టనట్టే ఉంది. ఎలాగో చెప్పు నేలకు రాసి రాసి ఆపా. దిగి, ఏమైందో చూద్దామని రిమ్ము పట్టుకున్నా. వేలు చురుక్కుమంది, బొబ్బ లేచింది. ఇంటికొచ్చి జేజికి పొయ్యి తగిలిందని చెప్పా. "నువ్వు పొయ్యి దగ్గరికి ఎప్పుడు పోయావురా?" అంది. దొరికిపోయా. ఈ జేజి మీ జేజి కాదు, మా జేజి.

ఆ బొబ్బే నేను చెప్పేదంతా. కొండ తిరిగిచ్చిన సొమ్ము రిమ్ములో వేడై కూర్చుంది.

గేర్ల సంగతి కూడా అడిగావు కదా. గేరు కొండను తగ్గించదమ్మా. బస్తాను ఒక్కసారిగా ఎత్తలేనివాడు గంపలు గంపలుగా మోస్తాడు చూడు, అదీ గేరు. ముందు పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక దానికి 34 పళ్లు పెడితే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒకే చుట్టు తిరుగుతుంది, రెండు మీటర్ల చిల్లర పోతావు. ముందు 50, వెనక 11 పెడితే ఒక్క చుట్టుకు తొమ్మిది మీటర్ల పైన. కొండకు మొదటిదే మేలు, మోసేది అంతే, గంపలు ఎక్కువ. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పందెంలో 1937 దాకా నడుస్తూ నడుస్తూ గేరు మార్చే డిరైలర్‌ను రానివ్వలేదు తెలుసా? కొండ కిందికి రాగానే దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించేవాళ్లు, దానికి అటొక పళ్లచక్రం ఇటొక పళ్లచక్రం ఉండేవి. గేర్లుంటే మగతనం కాదని పెద్దవాళ్ల పట్టుదల. పెద్దవాళ్లు అన్ని దేశాల్లోనూ ఒకటే.

చిన్నోడు అడిగింది కూడా ఇందులోనే ఉంది. పోయేటప్పుడు "నేనే ఛాంపియన్" అనుకున్నాడంట, తిరిగొచ్చేటప్పుడు ఏడుపొచ్చిందంట. నాయనా, ఎండాకాలంలో మీ తీరాన గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. భీమిలి మీకు ఈశాన్యంగా ఉంది. పోయేటప్పుడు వెనక నుంచి తోసింది గాలే, అది ఒంటికి తెలియదు, మన గొప్పే అనిపిస్తుంది. వచ్చేటప్పుడు మొహానికి కొడితే మాత్రం వెంటనే తెలుస్తుంది. మనకు సాయం చేసినవాళ్ల విషయం కూడా ఇంతే అని ఒక ముక్క చెప్పి ఊరుకుంటా, మీ నాన్నకు వినపడేలా చదువు. ఈసారి ఎదురుగాలిలో అక్క వెనకాల, కాస్త ఎడం ఉంచి, పో. ముందున్నవాళ్లు గాలిని చీలుస్తారు, వెనకవాళ్లకు తేలిక. కాసేపయ్యాక నువ్వు ముందుకు రావాలి మరి.

ఇదంతా రాస్తుంటే ఇంకో సంగతి తట్టింది, రాత్రి అదే తలలో తిరిగింది. కొండలు దిగడంలో మన పెన్నకంటే అనుభవం ఎవరికుంది? కర్ణాటక నందికొండల్లో పుట్టి, అనంతపురం మీదుగా మన జిల్లాకు వచ్చి, సోమశిల దగ్గర కొండల్ని దాటి, నెల్లూరు అవతల ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంత ఎత్తు నుంచి దిగింది కదా, మరి సముద్రం చేరేసరికి బాణంలా దూసుకుపోవాలి కదా? పోదు. నిదానంగా, ఇసుకలో వెతుక్కుంటూ పోతుంది. కొండ ఇచ్చిందంతా దారిలో రాళ్లకూ ఇసుకకూ ఇచ్చుకుంటూ వస్తుంది. పోయిన సంక్రాంతికి గండికోట కోటగోడ మీద నుంచి లోయలోకి చూసి "తాతా, దీన్ని ఎవరు తవ్వారు?" అన్నావే, గుర్తుందా? నది ఇచ్చుకున్న తరుగే అది. ఎన్ని లక్షల ఏళ్ల తరుగో. మీ దారిలో ఎర్రమట్టి దిబ్బల్లో వాననీళ్లు కోసిన గండ్లు చూసి ఉంటారు, అవీ ఆ లెక్కలోవే. నాకు దీనికంటే బాగా చెప్పడం రాదు.

వచ్చే ఆదివారం ఒక పని చెయ్యండి. తెల్లారే, బండ్లు తిరగకముందే, నాన్నను వెంటబెట్టుకుని పోండి. దిగుడు అయిపోయి రోడ్డు సమంగా అయ్యే చోటు ఒకటి చూసుకోండి. పైన ఒక గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి పెడల్ తొక్కకుండా, వీపు నిటారుగా పెట్టి దిగి, సైకిల్ తనంతట తాను ఎక్కడ ఆగిందో అక్కడ రోడ్డు పక్కన ఒక రాయి పెట్టు చిట్టీ. మళ్లీ ఎక్కి, అదే గుర్తు నుంచి, ఈసారి మోచేతులు మడిచి, కొంచెం వంగి దిగు, చేతులు బ్రేకుల మీదే ఉండాలి. ఆగిన చోట ఇంకో రాయి పెట్టు. రెండు రాళ్ల మధ్య దూరం చిన్నోడి అడుగులతో కొలిచి, ఎన్ని అడుగులో నాకు రాయి.

మీ తాత