మంచులో స్పోర్ట్స్ కారు: కదలడం వేరు, ఆగడం వేరు

అమెరికాలో మిషిగన్‌లోనో బఫెలోలోనో ఉద్యోగం వచ్చి కొత్తగా దిగిన మనవాళ్లకు చలికాలం రాకముందే ఒక సలహా అందుతుంది: "ఆల్ వీల్ డ్రైవ్ తీసుకో, స్నోలో టెన్షన్ ఉండదు." చెప్పేవాళ్ల మనసులో ఉండేది సాధారణంగా ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ. వినేవాళ్లలో కొందరి కన్ను మాత్రం సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ లాంటి కారు మీద పడుతుంది. అదీ ఆల్ వీల్ డ్రైవే, అంటే నాలుగు చక్రాలనూ ఇంజిను తిప్పేదే కదా! పైగా ర్యాలీల్లో మంచు మీద దూసుకుపోయిన వంశం. ఎటొచ్చీ కారు అడుగు నేలకు చాలా దగ్గరగా ఉంటుంది, ఇంజిను జోరుగా లాగుతుంది, టైర్లు వెడల్పుగా ఉంటాయి. మంచు రోడ్డు మీద ఈ మూడూ ఎలా ప్రవర్తిస్తాయో చూస్తే, ఆ సలహాలో నిజమెంతో, మిగిలిపోయినదెంతో తెలుస్తుంది.

ముందు నిజం సంగతి. కారును ముందుకు నెట్టేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. ఆ బలం రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఇంజిను తిప్పే చక్రాల మీద ఎంత బరువు పడుతోంది, అక్కడ ఘర్షణ గుణకం, అంటే పట్టును కొలిచే అంకె, ఎంత ఉంది. పొడి తారు రోడ్డు మీద ఈ గుణకం 0.8 దాకా ఉంటుంది. తొక్కుడుపడి గట్టిపడిన మంచు మీద మంచి టైర్లకు 0.25 దరిదాపుల్లో, గడ్డకట్టిన ఐస్ మీద 0.1 లేదా ఇంకా తక్కువ. ఇంజిను ముందు చక్రాలను మాత్రమే తిప్పే మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ముందు చక్రాల మీద పడేది మొత్తం బరువులో 60 శాతం. అంటే ఉన్న పట్టులో 40 శాతం వాడకుండా వెనక వదిలేసినట్టే. ఆల్ వీల్ డ్రైవ్ ఆ మిగిలినదాన్ని కూడా వాడుకుంటుంది. గట్టి మంచు మీద నిలబడి ఉన్న కారు గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి లెక్క ప్రకారం ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు 9 సెకన్లు దాటితే, ఆల్ వీల్ డ్రైవ్‌కు 6 సెకన్లు చాలు. ఎత్తు ఎక్కడంలో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఎదురు ఎక్కుడు మీద బరువు వెనక్కి జరిగి, ముందు చక్రాలు మరింత తేలికవుతాయి మరి. పక్కింటి కారు చక్రాలు గిర్రున తిరుగుతూ ఉన్నచోటే ఉంటే, మన కారు చప్పుడు లేకుండా ఎక్కిపోతుంది.

ఇప్పుడు అదే 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలి. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు కూడా ఆగేటప్పుడు నాలుగు చక్రాలతోనే ఆగుతుంది. కాబట్టి ఆల్ వీల్ డ్రైవ్ ఇక్కడ కొత్తగా ఇచ్చేది ఏమీ లేదు. బ్రేకు కొట్టాక పొడి రోడ్డు మీద 12 మీటర్లలో ఆగే కారుకు గట్టి మంచు మీద 39 మీటర్లు కావాలి. ఐస్ మీదైతే దాదాపు 100 మీటర్లు. మలుపులదీ ఇదే కథ. వంద మీటర్ల వ్యాసార్ధమున్న మలుపును పొడి రోడ్డు మీద సిద్ధాంతం ప్రకారం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తిరగొచ్చు. మంచు మీద 56 దాటితే కారు బయటికి జారుతుంది. ఇంజిను ఎన్ని చక్రాలను తిప్పుతోందన్నది ఈ లెక్కలోకి రాదు.

నా దృష్టిలో అసలు ప్రమాదం ఈ అంకెల్లో కంటే డ్రైవరుకు అందని సమాచారంలో ఉంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు చక్రాలు కాస్త జారతాయి, స్టీరింగ్ వణుకుతుంది, డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు మినుకుమంటుంది. "రోడ్డు బాగాలేదు, చూసుకో" అని కారే చెప్పినట్టు. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఆ హెచ్చరిక చాలాసార్లు రాదు. పొడి రోడ్డు మీద లాగే కదులుతుంది, అలాగే వేగం అందుకుంటుంది. రోడ్డు ఎలా ఉందో తెలిసేది మొదటిసారి గట్టిగా బ్రేకు తొక్కినప్పుడే. 250 హార్స్‌పవర్ పైన ఉన్న కారులో ఆ పాటికి వేగం ఎంతకు చేరి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఈ విషయంలో ప్రకటనల పాత్ర తక్కువేమీ కాదు. 1986లో ఆడి కంపెనీ ఫిన్లాండ్‌లోని కైపోలాలో స్కీ జంప్ ర్యాంపు మీదికి తన 100 సీఎస్ క్వాట్రో కారును ఎక్కించి టీవీలో చూపించింది. క్వాట్రో అంటే ఆ కంపెనీ తన ఆల్ వీల్ డ్రైవ్‌కు పెట్టుకున్న పేరు. ర్యాంపు వాలు 37.5 డిగ్రీలు. ఆ కోణంలో కారు జారకుండా నిలవాలంటేనే ఘర్షణ గుణకం 0.77 ఉండాలి. అంటే దాదాపు పొడి తారు రోడ్డంత. ఒట్టి రబ్బరుకు మంచు మీద అంత పట్టు రాదు. 2005లో ఏ6 కారుతో అదే సాహసం మళ్లీ చేసినప్పుడు మేకులు దిగ్గొట్టిన ప్రత్యేక టైర్లు వేశారు. చూసినవాళ్లకు గుర్తుండిపోయింది మాత్రం క్వాట్రో అన్న పేరే.

ఇంతకీ రబ్బరు సంగతి. 2015 తరం డబ్ల్యూఆర్ఎక్స్ అమెరికాలో ఫ్యాక్టరీ నుంచే సమ్మర్ టైర్లతో వచ్చేది. వేసవిలో వాటి పట్టు అద్భుతం. చలి పెరిగేకొద్దీ ఆ రబ్బరులోని అణుగొలుసుల కదలిక మందగిస్తుంది, మెత్తదనం పోయి ప్లాస్టిక్‌లా బిగుసుకుంటుంది. 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి వెళ్తే పట్టు తగ్గడం మొదలవుతుంది. మైనస్ 7 దగ్గర కొన్ని టైర్లను అసలు కదిలించొద్దనీ, ట్రెడ్, అంటే నేలను తాకే గాడుల పొర, చీలిపోవచ్చనీ తయారీదారులే హెచ్చరిస్తారు. వింటర్ టైర్ల రబ్బరు మిశ్రమం వేరు. గడ్డకట్టే చలిలోనూ అది సాగుతుంది. దాని ట్రెడ్ దిమ్మెల మీద బ్లేడుతో గీసినట్టు సన్నని చీలికలు వందల కొద్దీ ఉంటాయి. టైరు నేలను తాకినప్పుడు అవి విచ్చుకుని మంచును కరుస్తాయి. పెద్ద గాడుల్లో మంచు కూరుకుపోతుంది, అదీ మంచిదే. మంచుకు మంచు రబ్బరు కంటే బాగా అంటుకుంటుంది. గట్టి మంచు మీద సమ్మర్ టైర్లతో ఆగడానికి పట్టే దూరం వింటర్ టైర్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు.

ఐస్ ఎందుకు జారుతుందన్న ప్రశ్నకు స్కూల్లో ఒక జవాబు చెబుతారు: పైనుంచి ఒత్తిడి పడితే ఐస్ కరుగుతుంది, ఆ నీటి మీద జారతాం అని. కారు విషయంలో ఈ జవాబు నిలవదు. ఒక వాతావరణ పీడనం పెరిగితే ఐస్ కరిగే ఉష్ణోగ్రత తగ్గేది డిగ్రీలో వందో వంతు కంటే తక్కువ. టైరు కింద పడే ఒత్తిడి సుమారు రెండున్నర వాతావరణాలే. దానితో మైనస్ 5లో ఉన్న ఐస్ కరగదు. సున్నా కంటే దిగువన కూడా ఐస్ ఉపరితలం మీద నీటిలాంటి పలుచని పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే ఊహించాడు. రాపిడి వల్ల పుట్టే వేడి దానికి తోడవుతుంది. అందుకే సున్నా డిగ్రీల దగ్గర తడితడిగా ఉన్న ఐస్ టైర్లకు అన్నిటికంటే ప్రమాదకరం. మైనస్ 20లో ఎముకలు కొరికే చలి ఉన్నా ఐస్ మీద పట్టు అంతకంటే మెరుగ్గానే ఉంటుంది.

కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు చూడమంటారు. 1999లో వచ్చిన గుర్తు అది. చూడాల్సిందే. కానీ ఉత్తర అమెరికాలో ఆ గుర్తు కోసం చేసే పరీక్షలో కొలిచేది మంచు మీద టైరు ముందుకు లాగే శక్తిని మాత్రమే. బ్రేకు, మలుపు, ఐస్ అందులో లేవు. ఆ గుర్తున్న ఆల్ సీజన్ (ఏడాదంతా వాడే) టైర్లు కూడా దొరుకుతాయి, వాటికీ అసలు వింటర్ టైర్లకూ తేడా బ్రేకు తొక్కినప్పుడు బయటపడుతుంది.

చట్టాలు కూడా ఒక దారిలో లేవు. కొలరాడోలో ఐ-70 హైవే కొండదారి మీద డాట్సెరో, మారిసన్ మధ్య సెప్టెంబరు నుంచి మే దాకా అమల్లో ఉండే నియమం ప్రకారం ఆల్ వీల్ డ్రైవ్ ఉండి, ట్రెడ్ లోతు 3/16 అంగుళం, అంటే సుమారు 4.8 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ట్రక్కులు ఎక్కుడులో కదల్లేక దారి మూసుకుపోయే చోట కదలడానికే ప్రాధాన్యం ఇచ్చారనుకోవాలి. కెనడాలోని క్యూబెక్ 2008లో పెట్టిన నియమం వేరు: అక్కడ నమోదైన ప్రతి కారుకూ చలికాలంలో వింటర్ టైర్లు ఉండి తీరాలి. ఆల్ వీల్ డ్రైవ్ ఉందని మినహాయింపు లేదు. నాకైతే క్యూబెక్ పద్ధతే సబబనిపిస్తుంది.

టైర్లు మార్చినా తీరని సమస్య కారు ఎత్తు. 2015 తరం డబ్ల్యూఆర్ఎక్స్ అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ సుమారు 135 మిల్లీమీటర్లు. అదే కంపెనీ వాళ్ల ఎత్తయిన కారు అవుట్‌బ్యాక్‌కు 220. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద అయితే డబ్ల్యూఆర్ఎక్స్ అడుగు గీరుకోకుండా దాటడం అదృష్టమే. బఫెలోలో ఒక్క రాత్రిలో 20 సెంటీమీటర్ల మంచు పడటం పెద్ద వార్త కాదు. ఈరీ సరస్సు మీదుగా వచ్చే చలిగాలి నీటి నుంచి వేడినీ తేమనూ పట్టుకుని ఒడ్డున సన్నని పట్టీగా కుమ్మరిస్తుంది. 2014 నవంబరులో నగరానికి దక్షిణాన ఉన్న శివార్లలో అయిదడుగులకు పైగా పడితే, ఉత్తరాన కొన్ని అంగుళాలే పడింది.

ఆ 20 సెంటీమీటర్ల మంచులోకి డబ్ల్యూఆర్ఎక్స్ దిగితే, పై 6 సెంటీమీటర్లకు పైగా మంచును బంపరు నెట్టుకుంటూ పోవాలి. కారు వెడల్పు 1.8 మీటర్లు, తాజా మంచు సాంద్రత ఘనమీటరుకు 100 కిలోలు అనుకుంటే, మీటరుకు 11 కిలోలకు పైనే. వంద మీటర్లకు టన్ను పైనే. నిజానికి చాలా మంచు పక్కకు చెదిరిపోతుంది. మిగిలింది కారు కిందికి దూరి నొక్కుకుపోతుంది. ఇంజిను కింద ఉండే ప్లాస్టిక్ పలకల క్లిప్పులు ఊడేది అప్పుడే. ఇక నొక్కుకుపోయిన మంచు గట్టిపడి బరువు మోయడం మొదలుపెడితే కారు పీట వేసుకుని కూర్చున్నట్టే. బరువు చక్రాల మీద నుంచి పీట మీదికి మారుతుంది. బరువు లేని చోట ఘర్షణ లేదు. నాలుగు చక్రాలూ ఒకేసారి, ఎంతో న్యాయంగా, ఊరికే తిరుగుతుంటాయి.

ఇది ఎక్కువగా జరిగేది హైవే మీద కాదు, ఇంటి ముందే. మంచు తోసే బండి, స్నో ప్లౌ, వీధి శుభ్రం చేస్తూ పోతూ డ్రైవ్‌వేకు అడ్డంగా ఒక గట్టు వదిలిపోతుంది. నలిగి, ఉప్పుతో తడిసి, మళ్లీ గడ్డకట్టిన మంచు అది. తాజా మంచుకు మూడు నాలుగు రెట్ల బరువుంటుంది. ఎస్‌యూవీ దాన్ని తొక్కుకుంటూ పోతుంది. స్పోర్ట్స్ సెడాన్ ముందు చక్రాలు దాటాక నడుం దగ్గర ఇరుక్కుంటుంది. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రాలు గుంత తవ్వి, కారు ఇంకా దిగుతుంది. చక్రాల ముందున్న మంచు తీస్తే సరిపోదు, పారతో కారు పొట్ట కింది మంచు లాగాలి. ఆ కాసేపూ ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయడం మేలు. లేకపోతే చక్రం జారిన ప్రతిసారీ అది ఇంజిను శక్తిని తగ్గించేస్తుంది.

వీటన్నిటికీ ముందు చేయాల్సింది ఇంకొకటుంది. ఎత్తు తక్కువ కారుకు పొగగొట్టం కూడా కిందికే ఉంటుంది, వెనక మంచు పేరుకుంటే ముందు మూసుకుపోయేది అదే. ఇంజిను నడుస్తుండగా లోపల వెచ్చగా కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు. పొగగొట్టం చుట్టూ శుభ్రం చేశాకే ఇంజిను స్టార్ట్ చేయాలి. మంచు ఇంకా పడుతూనే ఉంటే మధ్యమధ్యలో దిగి మళ్లీ తీయాలి.